మూడు మీటర్ల పర్యావరణం

హైదరాబాద్ నడిబొడ్డున, గజం ధర చెబితే గుండె ఆగే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య 350 ఎకరాలకు పైగా భూమి ఒక్క అపార్ట్‌మెంటుకైనా నోచుకోకుండా పడి ఉండటం ఏ బాధ్యత గల పౌరుడినైనా కలచివేస్తుంది. చివరి నిజాం మనవడు ముకర్రం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్ ఉన్న ఈ చోటును 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి (కేబీఆర్) పేరిట జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. నాటి నుంచి నెమళ్లు, ముళ్లపందులు పైసా ఆస్తి పన్ను కట్టకుండా అక్కడే కాపురముంటున్నాయి.

అయినా ఏలినవారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. జాతీయ ఉద్యానవనం చుట్టూ నిర్మాణాలపై ఆంక్షలుండే పర్యావరణ సున్నిత మండలం ఉండాలి కాబట్టి, కేంద్రం 2020లో కేబీఆర్ పార్కుకు దాన్ని 3 మీటర్ల నుంచి 29.8 మీటర్ల వరకు ఖరారు చేసింది. ఆ దశాంశాన్ని గమనించ ప్రార్థన. ప్రకృతి సున్నితత్వం 29 మీటర్లు దాటి, 30కి చేరకుండా, సరిగ్గా ఎక్కడ మొద్దుబారుతుందో తేల్చడం సామాన్యుల వల్ల అవుతుందా! ఇక మూడు మీటర్లే ఉన్న చోట ప్రహరీకి ఎదురుగా ఓ పెద్ద కారును నిలిపితే, ముందు చక్రాలు పర్యావరణంలోనూ వెనుక చక్రాలు అభివృద్ధిలోనూ ఉంటాయి.

కారు ఊరికే తలచుకోలేదు. తెల్లవారుజామున స్వచ్ఛమైన గాలి కోసం వచ్చే నడక ప్రియుల్లో చాలామంది రెండు వీధుల అవతలి నుంచి కారులోనే వస్తారు. అయ్యగారు లోపల చెమటోడుస్తుంటే డ్రైవరు బయట ఏసీ వేసుకుని, ఇంజను ఆపకుండా, చల్లగా కునుకు తీస్తాడు. నడక ముగించి, కాకరకాయ రసం తాగి మూతి తుడుచుకుంటూ అయ్యగారు అనే మొదటి మాట, ఈ ట్రాఫిక్‌కు ఫ్లైఓవర్ వేయాల్సిందేనని.

పార్కు చుట్టూ ఫ్లైఓవర్లంటే చెట్లు పోతాయని 2016లో కొందరు రోడ్డెక్కారు, హరిత ట్రైబ్యునల్ గడప కూడా తొక్కారు. చెట్లను కొట్టడం లేదని, వేళ్లతో సహా తరలిస్తామని చెప్పినా నమ్మని చాదస్తులు వారు. కదలని చెట్టుకు కూడా బదిలీ ఉత్తర్వులు ఇవ్వగల యంత్రాంగం మీద ఇంత అపనమ్మకం తగదు.

కనుక నాదొక సూచన. మన ఊళ్లో ఫ్లైఓవర్ స్తంభాల మీద బొమ్మలు వేయించే ఆనవాయితీ ఉండనే ఉంది. అక్కడ నెమళ్లను వేయిద్దాం. గోడ మీది నెమలి అరవదు, రోడ్డుకు అడ్డం రాదు, సున్నిత మండలం అడగదు. మూడేళ్లకోసారి రంగు వెలిస్తే మళ్లీ టెండరు పిలవవచ్చు.