మంచును కొలిచే విమానాలను నేలకు దించొద్దు

2025 జూన్ చివరి వారంలో అమెరికా నుంచి ఓ ప్రకటన వెలువడింది. రక్షణ శాఖ వాతావరణ ఉపగ్రహాల మైక్రోవేవ్ సమాచారం నెలాఖరుతో ఆగిపోతుందని దాని సారాంశం. అంటే వారం రోజుల గడువు కూడా లేదు. 1978 చివర్లో మొదలై నేటి దాకా సాగుతున్న ధ్రువ సముద్రాల మంచు విస్తీర్ణం లెక్కకు 1987 నుంచి ఆ వరస ఉపగ్రహాలే ఆధారం. గగ్గోలు పుట్టాక గడువు జూలై ఆఖరుకు జరిగింది. ఆ తర్వాత 2026 సెప్టెంబర్ దాకా ఇస్తామన్నారు. ఈలోగా శాస్త్రవేత్తలు జపాన్ ఉపగ్రహం వైపు పరుగులు తీశారు. గండం గడిచిందని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

మాకు మాత్రం టెన్షన్ తగ్గలేదు. విస్తీర్ణం సంగతి ఎలాగో సర్దుకున్నా, మందం సంగతేమిటి? సముద్రం మీద మంచు ఎంత మేర పరుచుకుందన్నది సగం కథే. అది ఎంత మందాన ఉందో తెలియకపోతే ఎంత కరిగిందో తెలియదు. ఆ మందాన్ని దగ్గరికెళ్లి కొలవగలిగేవి విమానాలు. వాటినే అందరికంటే ముందు పక్కన పెట్టేశారు.

లేజర్‌తో మంచు ఎత్తు కొలిచే అమెరికా ఉపగ్రహం ఐస్‌శాట్ 2009లో పనిచేయడం మానేసింది. దాని తర్వాతిది, ఐస్‌శాట్-2, 2018 సెప్టెంబర్‌లో గానీ ఎగరలేదు. ఆ తొమ్మిదేళ్ల ఖాళీని పూడ్చింది నాసా విమానాలే. 'ఆపరేషన్ ఐస్‌బ్రిడ్జ్' పేరుతో 2009 నుంచి 2019 దాకా ఏటా ఆర్కిటిక్ మీద, అంటార్కిటికా మీద సుమారు 450 మీటర్ల ఎత్తులో ఎగురుతూ లేజర్లతో, రాడార్లతో కొలిచాయి. కొత్త ఉపగ్రహం పైకి వెళ్లింది కదా అని ఆ కార్యక్రమాన్ని ముగించారు. అందులో పనిచేసిన డీసీ-8 విమానం 2024లో రిటైరైంది. ఇప్పుడు పైన తిరుగుతున్న ఐస్‌శాట్-2ను మూడేళ్ల పని కోసం తయారుచేశారు. రాడార్‌తో కొలిచే ఐరోపా వారి ఉపగ్రహం క్రయోశాట్-2కు అనుకున్న ఆయుష్షు మూడున్నరేళ్లు, అది ఎగిరింది 2010లో. రెండూ గడువు దాటి పనిచేస్తున్నాయి. వీటిలో ఏది మూగబోయినా ఈసారి ఖాళీని పూడ్చేదెవరు?

విమానాల ఖర్చు ఎక్కువ, ప్రమాదమూ ఉంది, ఉపగ్రహమైతే సముద్రం మొత్తాన్ని చూస్తుంది అనేవాళ్లున్నారు. నిజమే. కానీ ఉపగ్రహం చూసేది నీటిపైకి తేలిన భాగాన్ని మాత్రమే. అది మొత్తం మందంలో దాదాపు పదో వంతు. పైన ఒక్క సెంటీమీటరు పొరపాటు పడితే మందం లెక్కలో పది సెంటీమీటర్ల తేడా వస్తుంది. దీనికి తోడు గట్టి మంచు పలక మీద పొడి మంచు పేరుకుని ఉంటుంది. ఆ బరువుకు పలక కిందికి కుంగుతుంది. లేజర్ ఆ పొడి మంచు పైభాగాన్ని తాకి వెనక్కి వస్తుంది, రాడార్ అందులోకి దిగుతుంది. ఎంత లోతుకు దిగుతుందన్న దాని మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. అంటార్కిటికాలోనైతే పొడి మంచు బరువుకు పలక నీటిమట్టం కంటే కిందికి పోయి, సముద్రపు నీరు పైకెక్కి, అదంతా కలిసి మళ్లీ గడ్డకడుతుంది. వందల కిలోమీటర్ల పైనుంచి ఇవన్నీ విడదీసి చెప్పడం ఒక్క ఉపగ్రహం వల్ల అయ్యే పని కాదు. దాని లెక్క సరైనదో కాదో కింద ఎవరో సరిచూడాలి.

ఆ సరిచూడటం ఎంత ఓపికతో జరుగుతుందో తెలిస్తే దాన్ని అదనపు ఖర్చు అనడానికి నోరు రాదు. జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ వారి పోలార్-5, పోలార్-6 విమానాల కింద పొడవాటి తాడుకు టార్పిడో ఆకారంలో ఒక పరికరం వేలాడుతుంది. దాన్ని 'ఈఎం బర్డ్' అంటారు. మంచు మీద కేవలం 15 మీటర్ల ఎత్తులో దాన్ని లాక్కుంటూ పోవాలి. ఉప్పునీటిలో విద్యుత్ ప్రవహిస్తుంది, మంచులో దాదాపు ప్రవహించదు. ఆ తేడాను పట్టుకుని పరికరం కింద నీరు ఎంత దూరంలో ఉందో చెబుతుంది, లేజర్ మంచు పైభాగం ఎంత దూరంలో ఉందో చెబుతుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మందం తేలుతుంది. అంతటితో ఆగరు. పదిహేను ఇరవై నిమిషాలకోసారి పైలట్ విమానాన్ని పైకి లేపుతాడు, పరికరం లెక్క మొదలుపెట్టే సున్నా గుర్తు పక్కకు జరిగిందేమో చూసుకోవడానికి. మంచు చీలి నీరు కనిపించిన చోట మందం సున్నా చూపిస్తోందా లేదా అన్నదీ గమనిస్తారు. ఒక్క ప్రయాణంలోనే అన్నిసార్లు సరిచూసుకునే పని ఇది. ఈ పనిలో ప్రాణాలూ పోయాయి. అదే సంస్థకు చెందిన పోలార్-3 విమానం 1985 ఫిబ్రవరిలో అంటార్కిటికా నుంచి తిరిగొస్తుండగా పశ్చిమ సహారా దగ్గర కూల్చివేతకు గురైంది. అందులోని ముగ్గురూ చనిపోయారు.

ఒకసారి ఆపేస్తే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, చరిత్రలోనే ఉంది. మంచు మీద విమాన సర్వేలో సోవియట్ యూనియన్‌ది అందరికంటే పాత చేయి. 1924లో పైలట్ బోరిస్ చుఖ్‌నోవ్‌స్కీ కారా సముద్రం వైపు ఎగిరాడు. 1933 నుంచి మంచు పటాలు వరసగా తయారయ్యాయి. విమానాలు నేరుగా మంచు మీదే దిగేవి, మనుషులు దిగి పలక మందం, దాని మీది పొడి మంచు లోతు కొలిచి రాసుకునేవాళ్లు. తేలియాడే మంచు పలకల మీదే పరిశోధన కేంద్రాలు నడిపారు. దేశం కూలిపోయింది, డబ్బు ఆగింది. 1991లో చివరి కేంద్రం మూతపడితే తర్వాతిది 2003లో గానీ తెరుచుకోలేదు. పన్నెండేళ్లు! సరిగ్గా ఆర్కిటిక్ మంచు పలచబడిపోతున్న ఏళ్లవి. ఆ ఏళ్ల కొలతలు ఇప్పుడు ఎంత డబ్బు పోసినా రావు.

ఆ ఖాళీకి ఫలితమేమిటి? 1954 నుంచి 1991 దాకా ఆ కేంద్రాల్లో పోగైన పొడి మంచు సగటునే ఉపగ్రహాల లెక్కల్లో ఏళ్ల తరబడి వాడుతూ వచ్చారు. నిరుటి పంచాంగంతో ఈ ఏటి తిథులు చెప్పినట్టన్నమాట. తప్పు బయటపెట్టింది మళ్లీ విమానాలే. ఐస్‌బ్రిడ్జ్ రాడార్ కొలతలను పాత సోవియట్ రికార్డులతో పోల్చి 2014లో వెలువడిన పరిశోధన ప్రకారం, పశ్చిమ ఆర్కిటిక్‌లో వసంతకాలపు పొడి మంచు లోతు 35 సెంటీమీటర్ల నుంచి 22కు పడిపోయింది. విమానం ఎగరకపోయి ఉంటే లేని మంచును ఉన్నట్టుగా లెక్కలో వేసుకుంటూనే ఉండేవాళ్లం.

అయినా బుద్ధి రాలేదు. 2013 అక్టోబర్‌లో రాజకీయ పట్టుదలలతో అమెరికా ప్రభుత్వం 16 రోజులు స్తంభించినప్పుడు అంటార్కిటికా సర్వే ఆలస్యమై, కుదించుకుపోయింది. అప్పుడూ ఇదే మాట, ఒక్క సీజనే కదా అని. ఒక్క సీజన్ అని మొదలైనదే అలవాటవుతుంది. మా భయమంతా అదే. ఇవాళ ఒక ప్రభుత్వం కొలత ఆపి ఏ జవాబూ చెప్పకుండా తప్పించుకుంటే, రేపు ఇంకో ప్రభుత్వానికి అదే దారి దొరుకుతుంది.

డబ్బు లేదన్న మాటను మేం నమ్మం. 2007లో ఉత్తర ధ్రువం దగ్గర సముద్రగర్భంలో టైటానియం జెండా పాతడానికి రష్యాకు డబ్బుంది. ఐస్‌బ్రేకర్ నౌకలు కట్టడానికి 2024 జూలైలో అమెరికా, కెనడా, ఫిన్లాండ్ చేతులు కలిపాయి. కరిగిన దారిలో ఓడలు నడపడానికి అందరూ సిద్ధమే. ఆ దారి ఎందుకు తెరుచుకుందో కొలిచే విమానానికి ఇంధనం పోయమంటేనే పొదుపు గుర్తొస్తుంది. 2012 సెప్టెంబర్‌లో ఆర్కిటిక్ మంచు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయి రికార్డు కనిష్ఠానికి చేరినప్పుడు ఆందోళన ప్రకటించిన నేతలు చాలామందే. ఆ ఆందోళన బడ్జెట్ కాగితాల మీద ఎక్కడుంది?

ఆర్కిటిక్‌లో సర్వేకు అసలైన సమయం మార్చి, ఏప్రిల్. చీకటి తొలగి వెలుతురు వస్తుంది, మంచు నిండుగా ఉంటుంది. విమానం, పైలట్లు, పరికరాలు, రన్‌వే అనుమతులు అంతకు ఎన్నో నెలల ముందే సిద్ధం కావాలి. కాబట్టి నిర్ణయం ఇప్పుడే తీసుకోవాలి. ఉపగ్రహం ఆగిపోయాక కమిటీ వేస్తామని, మేలో నిధులు విడుదల చేస్తామని చెప్పే మంత్రులకు ముందే చెబుతున్నాం: మే నెల వచ్చేసరికి మంచు కరగడం మొదలైపోతుంది. అప్పుడు మీ విమానం వెళ్లి కొలిచేది ఏమీ ఉండదు. ఆ ఏడాది గడి ఖాళీగా మిగిలితే, ఆ గడి పక్కన మీ పేర్లే రాయాల్సి ఉంటుంది.