నీలం మాత్ర మీద తిరుగుతున్న ఆ మెసేజ్‌కు జవాబు

"బడిలో మీ అమ్మాయికి వారం వారం ఇచ్చే నీలం మాత్ర కుటుంబ నియంత్రణ మందు. వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, అది విషమే. రక్తం పట్టడానికి రాగులు, బెల్లం చాలు. 2013 నుంచి మింగిస్తున్నా రక్తహీనత పెరిగిందే గానీ తగ్గలేదు. అసలు మందులివ్వడం టీచర్ల పనా?" తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ ఏదో ఒక రూపంలో తిరుగుతూనే ఉంది.

ఆ మాత్రలో ఉన్నవి ఇనుము, ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్. బడుల్లో 6 నుంచి 12 తరగతుల మగపిల్లలకూ అదే మాత్ర ఇస్తారు. ఈ సంగతి మెసేజ్‌లో ఎందుకో ఉండదు. గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలోనూ ఉండేవి ఆ రెండే, పైగా వాళ్లు 180 రోజులపాటు రోజూ వేసుకోవాలి. కడుపు పండకుండా చేసే మందును కడుపుతో ఉన్నవాళ్లకు ఎవరైనా ఇస్తారా? వారానికోసారి వేసుకునే గర్భనిరోధక మాత్ర ప్రభుత్వం దగ్గర ఉన్న మాట నిజమే, దాని పేరు ఛాయ. ఆ రెండింటినీ ఎవరో కలిపేశారని నా అనుమానం. మాత్రల రేకు అడిగి తీసుకుని చదివితే తేలిపోతుంది.

విరేచనం నల్లబడేది ఒంటికి పట్టని ఇనుము బయటికి పోవడం వల్ల. భయపడాల్సిందేమీ లేదు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, అందుకే మధ్యాహ్న భోజనం అయ్యాక ఇస్తారు. సికిల్ సెల్, తలసేమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్త జబ్బులున్న పిల్లలకు మాత్రం డాక్టర్‌ని అడిగాకే వేయాలి.

రాగుల మీద నాకేం కోపం లేదు. కానీ లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 13-15 ఏళ్ల అమ్మాయికి రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, అదే వయసు అబ్బాయికి 22 చాలు. వంద గ్రాముల రాగుల్లో ఉండేది ఐదు మిల్లీగ్రాముల లోపే. మిగతాది పప్పు, ఆకుకూర, మాంసం నుంచి రావాలి, అన్నం తినగానే టీ తాగితే అందులోనూ కొంత ఒంటికి పట్టదు. నిమ్మకాయ పిండుకున్నా, జామకాయ తిన్నా ఇంకాస్త పడుతుంది. తిండి కావాలి, మాత్రా కావాలి. ఒకటుంటే రెండోది అక్కర్లేదనడం ఎక్కడి లెక్క?

ఇక 2013 సంగతి. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 54.1 శాతం మందికి రక్తహీనత ఉంది, 2019-21కి అది 59.1 శాతమైంది. వేలి కొన నుంచి తీసిన చుక్క రక్తంతో చేసే ఆ పరీక్ష ఎంత కచ్చితం అన్న వాదన నిపుణుల్లో ఉంది. దాన్ని పక్కన పెడదాం, పెరిగిందనే అనుకుందాం. అయితే రిజిస్టర్‌లో టిక్కు పడ్డ ప్రతి మాత్రా కడుపులోకి పోయిందా? టీచర్ చూస్తుండగా నోట్లో వేసుకుని, నాలుక కింద దాచి, చేతులు కడుక్కునే కుళాయి దగ్గర ఊసేసే పిల్లలున్నారు. కాలువలో నీలం రంగు కరుగుతూ కనిపిస్తుంది. ఇంట్లో ఈ మెసేజ్ చదివి వినిపించాక ఏ పిల్ల మింగుతుంది చెప్పండి? మింగనివ్వకుండా చేసి, మాత్ర పని చేయలేదనడం పెద్ద తెలివే.

టీచర్ల పనా అంటే, అవును, వాళ్ల పని కూడా. పద్నాలుగేళ్ల పిల్ల నీరసంగా ఉందని ఏ ఇంట్లోనూ ఆస్పత్రికి తీసుకెళ్లరు, చదువంటే బద్ధకం అని తిడతారు. మాత్రలు వచ్చేది ఆరోగ్య శాఖ నుంచి, పిల్లలుండేది బడిలో, బడి మానేసిన ఆడపిల్లల ఇల్లు తెలిసేది అంగన్‌వాడీ టీచర్‌కు. అందుకే ఈ పని మూడు శాఖలకూ కలిపి అప్పగించారు. టీచర్ తానూ ఒక మాత్ర పిల్లల ముందే వేసుకుంటే, ఎన్ని ఉపన్యాసాలిచ్చినా పోని భయం పోతుంది.

విమర్శించాలంటే అసలు లోపం ఇంకోచోట ఉంది. టెన్త్ అయ్యాక చదువు ఆగిన అమ్మాయి పేరు బడి రిజిస్టర్‌లోంచి పోతుంది, అంగన్‌వాడీ జాబితాలోకి మాత్రం దానంతటది రాదు. సరిగ్గా అప్పుడే ఇంట్లో పెళ్లి మాటలు మొదలవుతాయి. అలా చదువు ఆగిన అమ్మాయిల జాబితాను హెడ్‌మాస్టర్ జూన్‌లోనే అంగన్‌వాడీకి పంపాలని అడగండి, మీ వీధిలో అలాంటి అమ్మాయి ఉంటే మీరే వెళ్లి పేరు రాయించండి.