శ్రీ ఫ్రీబీఎస్‌డీ గారి సముఖానికి ఒక గృహస్థుడి విన్నపం

మహారాజశ్రీ ఫ్రీబీఎస్‌డీ గారికి,

ఇంట్లో బల్ల మీద ఉన్న ఒక సాధారణ డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో, దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌గా తమను ప్రతిష్ఠించుకున్న గృహస్థు నమస్కరించి వ్రాసుకునే విన్నపం. ఇక్కడ ప్రాసెసరు, మెమరీ, డిస్కు అన్నీ క్షేమం. తమరు కూడా క్షేమమేనని బూట్ అవుతున్నప్పుడు తెర మీద పరుగులు తీసే తెల్లని అక్షరాలను బట్టి తెలుస్తూనే ఉన్నది.

తమ వంశప్రతిష్ఠ నాకు తెలియనిది కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు చిగురించిన శాఖ నుంచి 1993లో తమరు అవతరించారు. 2012లో వాట్సాప్ వారు తమను నమ్ముకొని ఒక్క సర్వర్ మీదనే 20 లక్షలకు పైగా కనెక్షన్లు నిలబెట్టి చూపారు. 2013లో విడుదలైన ప్లేస్టేషన్ 4 లోపల పనిచేస్తున్నది తమ సంతానమే. నెట్‌ఫ్లిక్స్ వీడియోలను లోకానికి పంచిపెట్టే సర్వర్లు తమ మీదే నడుస్తాయి. ఒక్క యంత్రం నుంచి సెకనుకు 400 గిగాబిట్ల వీడియోను ఎలా పంపుతున్నదీ ఆ సంస్థ ఇంజినీర్లు 2021లోనే వివరించారు. ఇన్ని చేసిన వారికి నా ఇంట్లో ఒక పాట వినిపించడం, ఒక ఉత్తరం టైపు చేయించడం చిటికెలో పని కదా! అంత చిన్న పని తమకు చెప్పడం అపచారమని తమ ఇన్‌స్టాలరు నాకు నెమ్మదిగా బోధపరచింది.

ఆ ఇన్‌స్టాలరు మర్యాద వేరు. నీలం తెర మీద బూడిదరంగు పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. బాణం మీటలతో నడుచుకుంటూ పోవాలి. యంత్రానికి ఏ పేరు పెట్టదలచుకున్నానని అడిగింది. డిస్కును జెడ్ఎఫ్ఎస్ అనే ఫైళ్ళు దాచే పద్ధతిలో ఎలా అమర్చాలని అడిగింది. దూరం నుంచి ఎవరైనా లాగిన్ కావడానికి ఎస్ఎస్‌హెచ్ సేవను నడపాలా అని అడిగింది. ఇతర వాడుకరుల ప్రాసెస్‌లు, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు, ఒకరివి మరొకరికి కనబడకుండా దాచాలా అని కూడా అడిగింది. ఈ యంత్రం ముందు కూర్చునేది నేనొక్కణ్ణే కనుక, ఎవరి నుంచి ఎవరిని దాచాలో తేల్చుకోలేక నన్ను నేనే కాసేపు అనుమానంగా చూసుకున్నాను. ఇన్ని విషయాలు విచారించిన ఆ ఇన్‌స్టాలరు, కిటికీలు, బొమ్మలు ఉండే తెర, అంటే డెస్క్‌టాప్, ఏమైనా కావాలా అన్న ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. యంత్రం మళ్ళీ లేచాక నల్లని తెర మీద ‘లాగిన్’ అన్న మాట ఒక్కటీ దర్శనమిచ్చింది.

అక్కడి నుంచి గృహప్రవేశ బాధ్యత గృహస్థుడిదే. తెర మీద కిటికీలు కనబడాలంటే వాటిని గీసే ఎక్స్‌ఆర్గ్‌ను, డెస్క్‌టాప్‌ను వేరుగా తెచ్చుకోవాలి. గ్రాఫిక్స్ డ్రైవరును ఇంకా వేరుగా తెచ్చుకోవాలి. అది బూట్‌తో పాటు లేచేలా ఆర్‌సీ.కాన్ఫ్ అనే ఫైలులో ఒక వరుస రాయాలి. నా సొంత గ్రాఫిక్స్ కార్డును నేను వాడుకోవడానికి ‘వీడియో’ అనే గుంపులో సభ్యత్వం తీసుకోవాలి. రూట్ అనే సర్వాధికారం అందుకోవడానికి ‘వీల్’ గుంపులోనూ, రూట్ జోలికి పోకుండా యంత్రాన్ని ఆర్పడానికి ‘ఆపరేటర్’ గుంపులోనూ చేరాలి. ఏ సంఘంలోనూ చేరకుండా ఇంతకాలం గడుపుకొచ్చిన నాకు ఇంట్లో కూర్చునే మూడు సభ్యత్వాలు దక్కాయి. పోనీ తిడదామా అంటే, ఆ ఆర్‌సీ.కాన్ఫ్ అంత పొందికైన ఫైలు మరొకటి లేదు: ఏ సేవ కావాలో దాని పేరు, ఎదురుగా ‘ఎస్’ (అవును) అన్న మాట, అంతే. తమతో వచ్చిన పెద్ద చిక్కే అది. తమరు పెట్టే ప్రతి కష్టమూ ఎంతో శుభ్రంగా, సహేతుకంగా ఉంటుంది.

ధ్వని విషయమే చూడండి. మానిటరుకు వెళ్ళే హెచ్‌డీఎంఐ తీగ కూడా ధ్వనిని మోయగలదు కనుక దాన్నీ తమరు ఒక ధ్వని పరికరంగానే లెక్కిస్తారు. లెక్కలో ముందు వచ్చినదానికే పాట పంపుతారు. స్పీకర్లు లేని మానిటరులోకి పాట నిరాటంకంగా సాగిపోతుంది, వెనుక పెట్టెలో అసలు స్పీకర్లు మౌనవ్రతం పాటిస్తాయి. ఒక సంఖ్య మార్చితే సరిపోతుంది. ఆ సంఖ్య ఎక్కడున్నదో మాన్యువల్ పేజీలో నిర్దుష్టంగా రాసి ఉన్నది కూడా. తప్పు తమదని నిరూపించే అవకాశాన్ని తమరు ఎక్కడా మిగల్చలేదు.

ఇక వైఫై. 802.11ఏసీ అనే ప్రమాణం 2013లో ఖరారైంది. ఇళ్ళలో విరివిగా కనబడే కార్డులకు ఆ వేగం తమ వద్ద 2025లో, 14.3 విడుదలతో అందివచ్చింది. నడుమ గడిచినది సరిగ్గా ఒక పుష్కరం. నదులకు కూడా అంతకన్నా ఎక్కువ గడువు ఇవ్వరు. ఆ పుష్కరకాలంలో తమ భక్తులు చేతులు కట్టుకుని కూర్చోలేదు, వైఫైబాక్స్ అనే ఉపాయం కనిపెట్టారు. తమ కడుపులో బీహైవ్ అనే సాధనం సాయంతో ఒక వర్చువల్ మెషీన్‌ను, అంటే కంప్యూటర్‌లోనే ఒక ఊహా కంప్యూటర్‌ను, సృష్టించి, అందులో ఆల్పైన్ లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూర్చోబెట్టి, వైఫై కార్డును దాని చేతిలో పెట్టి, అది సంపాదించి తెచ్చిన ఇంటర్నెట్‌ను తమరు అందుకోవడమే ఆ ఉపాయం. ఇంత చక్కని ఏర్పాటును నేను హేళన చేయడం లేదు. లినక్స్‌ను వదిలించుకోవడానికి తమ దగ్గరకు వచ్చినవాడి ఇంట్లో, అతని కంటికి కనబడకుండా, అదే లినక్స్ చేత చాకిరీ చేయించడం సామాన్యులకు తట్టే ఆలోచన కాదు. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్లు కూడా లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నల్ నుంచి అనువుగా మలచుకుని తెచ్చుకున్నవేనని తెలిశాక, నేను ఎవరింటికి వచ్చానో, ఎవరి ఇంటి నుంచి బయటపడ్డానో అన్న వేదాంతం మొదలైంది.

ఈ అప్పుల వెనుక ఒక కథ ఉన్నదని నాకు తెలుసు. 1992లో ఏటీ అండ్ టీ వారి యూనిక్స్ సంస్థ బర్క్‌లీ సంతతి మీద వ్యాజ్యం వేసింది; 1994లో రాజీ కుదిరే నాటికి సుమారు 18,000 ఫైళ్ళలో తొలగించవలసి వచ్చినవి మూడు. ఆ మూడు ఫైళ్ళ కోసం తమరు పాత పునాదిని వదిలి, కొత్త మూలం మీద ఇల్లు తిరిగి కట్టుకుని, 1994 చివర 2.0గా బయటకు వచ్చారు. ఈలోగా, 1991లో ఒక విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ జనం ఇళ్ళలో స్థిరపడిపోయింది. కోర్టు వాయిదాల నడుమ జారిపోయిన ఆ డెస్క్‌టాప్‌ను అడగడానికి తమకు అభిమానం అడ్డు వచ్చినట్టుంది. జైల్స్ విషయంలోనూ అంతే: ప్రోగ్రాములను విడివిడి గదుల్లో బంధించే విద్యను 2000 సంవత్సరంలోనే విడుదల చేసి ఊరుకున్నారు, 2013లో వచ్చిన డాకర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ రకం విద్యతోనే ఊరేగింది. చాటింపు వేసుకోవడం తమ ఇంటావంటా లేదు.

అన్నిటికన్నా నన్ను ముగ్ధుణ్ణి చేసినది నెట్‌ఫ్లిక్స్ వ్యవహారం. ఆ సినిమాలను లోకమంతటికీ పంపేది తమరే. అయినా తమ మీద నడిచే బ్రౌజరులో వాటిని చూడబోతే, వైడ్‌వైన్ అనే తాళం తీసే మాడ్యూల్ తమ కోసం తయారు కాలేదు. మళ్ళీ లినక్స్ కోసం తయారైన దాన్నే అరువు తెచ్చుకుని నానా తంటాలు పడాలి. దీపం కింద చీకటి అన్నారు పెద్దలు. చేసి పంపిన వారికే చూసే యోగ్యత లేదనడం న్యాయం కాదు, కానీ దాని మీద ఫిర్యాదు చేయడానికి కూడా తమరు నోరు విప్పరు.

తమను వదిలిపెట్టడానికి ఒక సాకు కావాలని నేను చాలాకాలంగా వెతుకుతున్నాను. తమ హ్యాండ్‌బుక్ దొరకనివ్వడం లేదు: ఏ సందేహానికైనా అందులో సమాధానం ఉంటుంది, ఆ సమాధానం నిజంగానే పనిచేస్తుంది. పాత ఆదేశాలను ఏటేటా మార్చి కొత్తవి నేర్చుకోమనే అలవాటు కూడా తమకు లేదు; నెట్‌వర్కును అమర్చే ఇఫ్‌కాన్ఫిగ్ ఆదేశం నిన్న ఎలా ఉన్నదో నేడూ అలాగే ఉన్నది. నవీకరణలోనైనా అంతా చెడిపోతే తీసివేద్దామంటే, జెడ్ఎఫ్ఎస్ మీది బూట్ ఎన్విరాన్‌మెంట్ అడ్డుపడుతుంది: మెనూలో నిన్నటి స్థితిని ఎంచుకుంటే చాలు, ఏమీ జరగనట్టు తమరు నవ్వుతూ లేచి నిలబడతారు. ఇట్లా పారిపోయే దారులన్నీ మూసివేసి, ఇంట్లో సినిమా లేకుండా, వైఫై కోసం గదిలో ఒక అతిథిని పోషింపజేస్తూ, అయినా ఒక్క మాట అనడానికి వీలు లేకుండా చేయడం ధర్మమేనా?

రాబోయే విడుదలలో ఇన్‌స్టాలరు చేత డెస్క్‌టాప్ సంగతి కూడా ఒకసారి అడిగించవలసిందిగా ప్రార్థన. ఇతర వాడుకరులను దాచే ప్రశ్నను తీసివేసి ఆ పెట్టెలోనే దీన్ని పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
వీల్, వీడియో, ఆపరేటర్ గుంపుల సభ్యుడు