షిఫ్ట్ మార్చారని రాజీనామా రాసిచ్చేయకండి

'సోమవారం నుంచి సీ షిఫ్ట్ అంట.' జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లోనో, కొత్తూరులోనో, ఇటు చౌటుప్పల్, చిట్యాల వైపు ఫ్యాక్టరీల్లోనో పనిచేసే వాళ్ల ఇళ్లలో ఈ ఒక్క మాట చాలు, ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. రాత్రి పదికి ఎక్కి పొద్దున ఆరింటికి దిగే డ్యూటీ. పెళ్లికాని పిల్లగాడు ఎలాగో లాక్కొస్తాడు. చంటిపిల్ల తల్లికి, షుగర్ మందులు వేళకు వేసుకోవాల్సిన మనిషికి, కంపెనీ బస్సు ఊరి దాకా రాక హైవే మీద దిగి చీకట్లో నడవాల్సిన వాళ్లకు మాత్రం ఉద్యోగం ఉన్నట్టా పోయినట్టా తెలియని స్థితి. అడిగితే సూపర్‌వైజర్ దగ్గర జవాబు రెడీగా ఉంటుంది: చేస్తే చెయ్యి, లేకుంటే లెటర్ రాసిచ్చి పో.

ఆ లెటర్ రాయొద్దని మా మాట. కనీసం ఆ కోపంలో, ఆ పూట రాయొద్దు.

ఎందుకో చెప్తాం. ఉద్యోగం పోతే సర్కారు నుంచి ఏమైనా వస్తుందా అని చాలామంది అడుగుతుంటారు. ఈఎస్‌ఐ చందా కట్టిన వాళ్లకు అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని నిరుద్యోగ భృతి పథకం ఒకటుంది. 2018 జూలై 1న ప్రయోగంగా మొదలుపెట్టి, గడువు పెంచుకుంటూ వస్తున్నారు. మొదట సగటు రోజు వేతనంలో 25 శాతం ఇచ్చేవారు, కరోనా వచ్చాక 2020లో 50 శాతం చేశారు. అదీ గరిష్ఠంగా 90 రోజులు, జీవితంలో ఒక్కసారే. నెలకు 15 వేల జీతగాడికి లెక్కేస్తే మొత్తం మూడు నెలలకు 22 వేల చిల్లర వస్తుంది. కిరాయి, కిరాణా, పిల్లల ఫీజు కలిపితే ఎన్నాళ్లొస్తుందో మీరే చూసుకోండి. కాకపోతే ఆ 22 వేలు కూడా ఊరికే రావు. వయసైపోయి రిటైరైతే ఇవ్వరు, తప్పు చేశాడని శిక్ష పడితే ఇవ్వరు, స్వచ్ఛందంగా విరమిస్తే ఇవ్వరు. నైట్ డ్యూటీ చేయలేక ఏడుస్తూ సంతకం పెట్టిన కాగితం మీద కూడా 'నా సొంత కారణాల వల్ల' అనే రాయిస్తారు కదా, ఇక అది స్వచ్ఛందం కాదని ఎవరి దగ్గర నిరూపిస్తారు? నెలనెలా ఈఎస్‌ఐకి పంపే వివరాల్లో మనిషి ఎందుకు మానేశాడో కారణం ఎంచుకునేది యాజమాన్యమే, మీరు కాదు.

సరే, లెటర్ ఇవ్వం, ఇంట్లో కూర్చుంటాం అంటారా? అది ఇంకా పెద్ద గుంత. సెలవు పెట్టకుండా 10 రోజులకు మించి రాకపోతే దుష్ప్రవర్తన కింద లెక్కగట్టొచ్చని నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ఫ్యాక్టరీ పని నియమాల్లో, ఉంది. అప్పుడు ఉద్యోగమూ పోతుంది, భృతీ పోతుంది.

మరి చట్టం? ఉంది, కానీ మనం అనుకున్నంత గట్టిగా లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ షిఫ్ట్ విధానం మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలనే ఉంది. మెలిక ఏమిటంటే, స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారమే మార్చామంటే ఆ నోటీసు అక్కర్లేదు. అందుకే మొట్టమొదట అడగాల్సింది ఆ స్టాండింగ్ ఆర్డర్ల కాపీ. ఆడవాళ్లనైతే రాత్రి 7 తర్వాత, పొద్దున 6 లోపు పనిలో పెట్టాలంటే వాళ్ల ఒప్పుకోలు తప్పనిసరి అని పని భద్రత మీద వచ్చిన మరో కొత్త కోడ్ స్పష్టంగా చెబుతోంది. ఆ ఒప్పుకోలు చేరిన రోజు ఫారాల కట్టలో కలిపి తీసుకుంటే దాన్ని ఒప్పుకోలు అనాలా?

చేయాల్సింది ఇది. డ్యూటీకి వెళ్తూనే, ఈ షిఫ్ట్ నాకు ఎందుకు కుదరదో కాగితం మీద రాసివ్వండి, డాక్టరు చీటీ ఉంటే జతచేయండి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డరు దాచుకోండి. వినకపోతే సహాయ కార్మిక కమిషనర్ ఆఫీసుకు వెళ్లండి. యాజమాన్యమే రిట్రెంచ్‌మెంట్ చేస్తే, అంటే సిబ్బందిని తగ్గించడానికి తీసేస్తే, ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం చొప్పున పరిహారం రావాలి. రాజీనామా ఇచ్చినవాడికి అది రాదు. ఆ తేడా హెచ్‌ఆర్ వాళ్లకు బాగా తెలుసు, మనకే తెలియదు.

ముంబై బస్సెక్కే బతుకు నుంచి ఊళ్లో ఉండి నెలజీతం తెచ్చుకునే బతుక్కు పాలమూరు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. సెజ్ కోసం భూములు పోయిన పోలేపల్లి రైతులు ఎంత కొట్లాడారో ఈ జిల్లా మరిచిపోలేదు. ఆ భూముల్లో లేచిన గేట్ల ముందే ఇవాళ ఈ లెటర్లు రాయిస్తున్నారంటే కార్మిక శాఖ కళ్లు తెరవాలి. షిఫ్ట్ మారిన వెంటనే వచ్చిన రాజీనామాలను ఈఎస్‌ఐ విడిగా విచారించి, బలవంతపువైతే భృతి ఇవ్వాలని మా డిమాండ్.

కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లకు ఇంకో మాట. భృతికి కనీసం రెండేళ్లు బీమాలో ఉండాలి, పని పోవడానికి ముందరి చందా కాలంలో, అంటే ఆర్నెల్లలో, కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి, అంతకు ముందరి మూడు కాలాల్లో ఒకదాంట్లో ఇంకో 78 రోజులు. జీతంలో 0.75 శాతం కోసుకుంటున్నారు సరే, మీ పేరు మీద ఎన్ని రోజులు చూపిస్తున్నారో ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో ఈ వారమే అడగండి, షిఫ్ట్ ఆర్డరు వచ్చేదాకా ఆగకుండా.