పెద్దమనుషుల ఒప్పందం: అమలు విధానం

మనకు ఒప్పందాలు చేసుకోవడం రాదు. 1956లో పెద్దమనుషులు కూర్చుని కాగితం మీద సంతకాలు పెట్టారు, అమలైందా లేదా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నాం. అమెరికా బేస్‌బాల్ పెద్దమనుషులు ఆ చాదస్తానికి పోలేదు. నల్లవాళ్ళను ఆడనివ్వకూడదన్న మాట ఎక్కడా రాసుకోలేదు. అందుకే మేజర్ లీగుల్లో, అంటే అక్కడి పైస్థాయి పోటీల్లో, అది 60 ఏళ్ళకు పైగా తు.చ. తప్పకుండా నడిచింది.

ఈ విద్య నేర్చుకోదలచినవారు మోసెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ కేసు చదవాలి. 1884లో టొలీడో జట్టు క్యాచర్, మన వికెట్ కీపర్ లాంటివాడు. నల్లవాడినని దాచుకోకుండా మేజర్ లీగు ఆడిన మొదటి మనిషి.

బాహాటంగా మొండికేస్తే పని చెడుతుంది. 1883 ఆగస్టులో షికాగో కెప్టెన్ క్యాప్ ఆన్సన్ చేసిన పొరపాటు అదే. వాకర్ ఉంటే ఆడనన్నాడు. నిజానికి దెబ్బలు తగిలి వాకర్ ఆ రోజు కూర్చోవాల్సినవాడే. టొలీడో మేనేజర్‌కు ఒళ్ళు మండి కావాలనే అతన్ని రైట్ ఫీల్డ్‌లో దింపాడు. ఆడకపోతే గేటు వసూళ్ళలో వాటా లేదన్నాడు. సిద్ధాంతం ఒకసారి టికెట్ల డబ్బా వంక చూసి మెత్తబడింది. ఆన్సన్ ఆడాడు.

వాకర్ సొంత జట్టులో బంతి విసిరే పిచర్ టోనీ ములేన్ది పనివాడితనం. క్యాచర్ బ్యాటర్ వెనక నుంచి వేళ్ళతో సైగ చేస్తాడు, ఫాస్టా, కర్వా (వంపు తిరిగే బంతా) అని. దాన్నిబట్టే చేతులు సిద్ధం చేసుకుంటాడు. ఆ రోజుల్లో 50 అడుగుల నుంచి దూసుకొచ్చే బంతికి ఇప్పటి దిండులాంటి గ్లవ్ లేదు. వట్టి చేతులు, మహా అయితే పల్చటి తోలు. ములేన్ సైగ చూడడు, తోచింది విసురుతాడు. కర్వ్ కోసం పెట్టిన చేతికి ఫాస్ట్ వచ్చి తగిలితే వేళ్ళు విరుగుతాయి. బంతి జారిపోయిందా, ‘పాస్డ్ బాల్’ అని స్కోరు పుస్తకంలో క్యాచర్ ఖాతాకెక్కుతుంది, మనం బై పరుగులకు కీపర్ని తిట్టినట్టు. పిచర్ చేతికి మట్టంటదు. 1884లో ములేన్ 36 గెలుపులు రాయించుకున్నాడు. వాకర్ 42 ఆటలు, .263 బ్యాటింగ్ సగటు, ఒంటినిండా గాయాలు. వాకర్ మేటి క్యాచర్ అనీ, నల్లవాళ్ళంటే పడక సైగలు చూసేవాణ్ణి కాననీ ములేన్ తర్వాత ఒప్పుకున్నాడు. 1919లో. కాండక్ట్ సర్టిఫికెట్ కాస్త ఆలస్యమైంది, అంతే.

కిందిస్థాయి ఇంటర్నేషనల్ లీగ్ వారు 1887 జులై 14న ఓటింగ్ పెట్టి తొందరపడ్డారు. నల్లవాళ్ళతో కొత్త కాంట్రాక్టులు వద్దని ఆరు జట్లు, పెట్టుకోవచ్చని నాలుగు. ఓటు వేస్తే లెక్క తేలుతుంది, లెక్క తేలితే పేపర్లో పడుతుంది. పై లీగుల వారు ఈ తప్పు చేయలేదు. తీర్మానం లేదు, ఓటు లేదు, నల్ల ఆటగాడూ లేడు. కాబట్టే 1942లో బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ అలాంటి నిబంధనే లేదని గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలిగాడు. కాగితాలన్నీ వెతికినా దొరికేది కాదు మరి.

వాకర్ 1889 దాకా సిరక్యూస్‌కు ఆడి తప్పుకున్నాడు. ఇంటర్నేషనల్ లీగులో మళ్ళీ నల్లవాడు అడుగుపెట్టింది 1946లో, జాకీ రాబిన్సన్. వాకర్ 1924లోనే పోయాడు. స్ట్యూబెన్‌విల్‌లో ఆయన సమాధికి పేరున్న రాయి 1990లో పెట్టారు. అది మాత్రం రాతపూర్వకంగానే.