పదహారు జీబీల్లో పట్టని చర్చి

పైపు ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి తోలి పలికించే వాద్యం, మామూలుగా ఇంట్లో పట్టేది కాదు. పెద్ద ఆర్గన్లలో ఒక్కో గొట్టమే 16 అడుగులు, కొన్నిచోట్ల 32 అడుగుల పొడవుంటుంది కాబట్టి దానికి తగిన ఇల్లు చర్చి లాంటి పెద్ద కట్టడమే. అయినా ఆశ పుట్టినవాళ్ళ కోసం ఈ కంప్యూటర్ల కాలంలో ఒక ఉపాయం వచ్చింది. వీధి సద్దుమణిగిన వేళ చర్చిలో మైకులు పెట్టి, ఒక్కొక్క గొట్టాన్నీ విడివిడిగా మోగించి రికార్డు చేసి, ఇంట్లో కీబోర్డు మీద మెట్టు నొక్కగానే కంప్యూటర్‌లోంచి ఆ గొట్టమే పలికేటట్టు చేస్తారు. అలా ఒక ఆర్గన్‌కు చెందిన రికార్డింగులన్నిటినీ కలిపి శాంపిల్ సెట్ అంటారు. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా బావగారికి ఈ సెట్ల పిచ్చి పట్టింది, ఆయన ల్యాప్‌టాప్‌కు అప్పటి నుంచి ఆయాసం పట్టుకుంది.

బావగారిది గుంటూరు. 1842లో హేయర్ అనే లూథరన్ మిషనరీ దొరగారు వచ్చి మిషను పెట్టిన ఊరది, వీళ్ళది తరతరాల లూథరన్ కుటుంబం. చిన్నతనమంతా కాళ్ళ హార్మోనియం తొక్కి పెరిగిన మనిషికి ఇంగ్లండులో అసలు ఆర్గన్ చెవినపడేసరికి ఇక నిద్ర పట్టలేదు. ఆయన ఎక్కించుకున్న మొదటి ఆర్గన్ మోజ్లీలోని సెయింట్ ఆన్స్ చర్చిది. 1907లో బ్రిండ్లీ అండ్ ఫాస్టర్ వారు కట్టిన ఆ వాద్యం హౌప్ట్‌వెర్క్ అనే సాఫ్ట్‌వేర్‌తోపాటే వస్తుంది, ల్యాప్‌టాప్‌లో ఇబ్బంది లేకుండా సర్దుకుంది. మోజ్లీ అనేది బర్మింగ్‌హామ్‌లోనే ఒక పేట. బస్సెక్కితే చేరుకోగల చర్చిని పడకగదిలోకి దింపుకొని మురిసిపోవడమేమిటని అక్క అడిగింది గానీ, ఆ ప్రశ్నకు ఈనాటికీ సమాధానం రాలేదు.

చిక్కు జ్వోలెతో వచ్చింది. నెదర్లాండ్స్‌లోని ఆ పట్టణంలో, సెయింట్ మైఖేల్ చర్చిలో, 1721లో పూర్తయిన ఆర్గన్ ఒకటుంది. పేరుమోసిన ఆర్గన్ నిర్మాత ఆర్ప్ ష్నిట్గర్ 1719లో పోయాక ఆయన కొడుకులు కట్టి నిలబెట్టిన ఆ వాద్యానికి నాలుగు కీబోర్డులు, 64 స్టాపులు, అంటే 64 రకాల గొంతులున్న గొట్టాల వరుసలు. తన పెద్దమ్మగారు గుంటూరు నుంచి వస్తున్నారనీ, క్రిస్మస్ ముందటి ఆదివారం మన తెలుగు కుటుంబాలను పిలిచి ఆ ఆర్గన్ మీదే వాయిస్తాననీ బావగారు అందరికీ చెప్పేశారు. సెట్ కొన్నాకగానీ అది ఎంత చోటు అడుగుతుందో చూడలేదు.

ఈ లెక్క కాస్త ఓపికగా చూడదగినది. ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి రాసుకుంటారు, అవే నమూనాలు; ఒక్కో నమూనాకు 24 బిట్లు అంటే మూడు బైట్లు, ఎడమా కుడీ రెండు చానళ్ళు. వెరసి ఒక్క సెకను ధ్వనికి 2,88,000 బైట్లు. గొట్టానికి పది సెకన్ల చొప్పున, వరుసకు 50 గొట్టాల చొప్పున వేసుకుంటే ఒక స్టాపు 144 ఎంబీ, 64 స్టాపులు కలిపి తొమ్మిది జీబీలు దాటిపోతాయి. అక్కడితో ఆగితే బాగుండేది. మెట్టు వదిలిన తరువాత చర్చి గోడల మధ్య మిగిలే ప్రతిధ్వనిని కూడా, కొద్దిగా నొక్కి వదిలితే ఒకటి, కాసేపు పట్టి వదిలితే ఒకటి, చాలాసేపు పట్టి వదిలితే ఇంకొకటిగా విడివిడిగా రికార్డు చేస్తారు. వెనక స్పీకర్ల కోసం చర్చి చివరన పెట్టిన మైకుల రికార్డింగు వేరు. పైగా మెట్టు నొక్కిన కొన్ని మిల్లీసెకన్లలోనే ధ్వని పుట్టాలి, ఒకేసారి వందల గొట్టాలు మోగాలి కాబట్టి, ఈ సాఫ్ట్‌వేర్ వీటిని డిస్కులోంచి తీరిగ్గా చదువుకోదు, మొత్తాన్నీ ర్యామ్‌లోకి, అంటే కంప్యూటర్ తక్షణం అందుకోగల జ్ఞాపకంలోకి, ఎక్కించుకుంటుంది. బావగారి ల్యాప్‌టాప్‌లో ఉన్నవి 16 జీబీలు. అవి కూడా బోర్డుకు అతికించేసినవి, పెంచడానికి వీల్లేదు. సిరిసిల్ల నేతగాళ్ళు చీరను అగ్గిపెట్టెలో పట్టించారంటే ఆ చీరకు ప్రతిధ్వని లేదు కాబట్టి సరిపోయింది.

మొదటిసారి ఎక్కించినప్పుడు, ఎంతవరకు ఎక్కిందో తెర మీద చూపే గీత ముప్పాతిక దాకా పాకి, అక్కడ నిలబడి, కంప్యూటర్ మిగతా భారాన్ని డిస్కు మీదికి నెట్టడం మొదలుపెట్టింది. వాయిస్తే స్వరాలకంటే చిటపటలే ఎక్కువ వినిపించాయి. అప్పటి నుంచి బేరసారాలు నడిచాయి. 24 బిట్లను 16కు దించితే మూడోవంతు కలిసివస్తుంది, మోనో చేస్తే సగం మిగులుతుంది, పొడవాటి ప్రతిధ్వనులు కత్తిరించినా, మూడు రకాల విడుపుల్లో ఒక్కటే ఉంచినా ఇంకొంత మిగులుతుంది. అయితే ఏ ఒక్కటి మార్చినా సెట్ అంతా మళ్ళీ మొదటి నుంచి ఎక్కాలి. అది ఎక్కుతున్నంతసేపూ అక్క బ్రౌజరు తెరవకూడదు, మేనల్లుడు హోంవర్కు చేసుకోకూడదు. పిల్లవాడు మాత్రం ఈ రెండో నిబంధనకు ఎంతో క్రమశిక్షణతో కట్టుబడి ఉన్నాడు.

బావగారు బిట్లు తగ్గించడానికి ఒప్పుకున్నారు, వెనక స్పీకర్లు వదులుకున్నారు, కానీ చప్పుళ్ళ దగ్గర మాత్రం మొండికేశారు. ఈ సెట్లలో సంగీతంతోపాటు ఆర్గన్ చేసే ఇతర శబ్దాలు కూడా వస్తాయి. స్టాపు లాగినప్పుడు చెక్క చేసే టక్కు, మెట్ల కింద పుల్లల కదలిక, గొట్టాలకు గాలి తోలే మోటారు హోరు, అన్నీ శ్రద్ధగా రికార్డు చేసి ఇస్తారు. తోటి సంగీతకారులు ఏళ్ళ తరబడి తప్పించుకోవాలని చూసిన హోరును డబ్బిచ్చి కొనుక్కోవడం నాకు వింతగా తోచింది గానీ, "అది లేకపోతే చర్చిలో కూర్చున్నట్టే ఉండదోయ్" అని బావగారు కొట్టిపారేశారు. శనివారం రాత్రి ఇంకా రెండు జీబీలు తక్కువపడ్డాక, మనసు చంపుకొని, "సరేరా, ఆ పెడల్ చప్పుళ్ళొక్కటి తీసెయ్" అని కొడుక్కి చెప్పి నిద్రపోయారు.

పెడల్ అంటే పాదాలతో వాయించే మెట్ల వరుస. జాబితా అంతా డచ్చి భాషలో ఉంది. మేనల్లుడు వెతికే పెట్టెలో "పెడాల్" అని కొట్టి, వచ్చిన వరుసలన్నిటికీ ఒక్క దెబ్బతో టిక్కు తీసేశాడు. అందులో చప్పుళ్ళూ పోయాయి, పాదాలకు చెందిన స్టాపులన్నీ పోయాయి. ర్యామ్ సరిపోయింది, గీత చివరిదాకా వెళ్ళింది, ఇల్లంతా హాయిగా పడుకుంది.

ఆదివారం మధ్యాహ్నం పులిహోర, వడలు అయ్యాక బావగారు బెంచీ మీద కూర్చున్నారు. ఎంచుకున్నది పాత లూథరన్ పద్ధతి రచన: చేతులు పైన అల్లికలు అల్లుతుంటే, అసలు కీర్తన రాగాన్ని పాదాలు కింద నిదానంగా, ఒక్కొక్క స్వరం సాగదీస్తూ మోయాలి. చేతుల భాగం చక్కగా మొదలైంది. తరువాత ఆయన ఎడమకాలు గంభీరంగా ముందుకు సాగి ఒక మెట్టు మీద ఆనింది. ఏమీ వినిపించలేదు. కాలు దాన్ని అలాగే పట్టి ఉంచి, కుడికాలు వచ్చి ఇంకో మెట్టు తొక్కింది. ఈసారీ అంతే. బావగారి ముఖం ఎర్రబడింది, అయినా ఆపితే పరువు పోతుందని కాబోలు, సోఫాల్లో కూర్చున్నవారికి ఏ కారణమూ కనిపించకుండా రెండు కాళ్ళూ అటూ ఇటూ సాగదీస్తూనే ఉన్నారు. పెద్దమ్మగారు కాసేపు జాలిగా చూసి, "కోడలమ్మా, అబ్బాయికి కాళ్ళు తిమ్మిరెక్కినట్టున్నాయి, పాపం కాసేపు లేవనివ్వండి" అన్నారు.

వాయిద్యం ఆగింది. ఆగాక వినిపించిందొక్కటే, మేనల్లుడు ముట్టని మోటారు హోరు. ఒక పెద్దాయన వంటింటి వైపు తిరిగి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎవరో వేసి మరిచిపోయారని మర్యాదగా గుర్తుచేశారు. అక్క లేచి వెళ్ళి, ఆగి ఉన్న ఫ్యానును చూసి వచ్చి కూర్చుంది. బావగారు తప్పు పట్టుకొని, టిక్కులు పెట్టి, మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టారు. గీత సగానికి చేరేలోపు పిల్లలు సెల్‌ఫోన్లో పాటలు పెట్టుకున్నారు, పెద్దలు కోట్లు తొడుక్కున్నారు.

మరునాడు 64 జీబీల డెస్క్‌టాప్ ధరల కాగితం అక్క ముందుకు వచ్చింది. ర్యామ్ ఎంత వేసినా మంచిదేనని, ఏ బేరమూ లేకుండా జ్వోలె మొత్తం ఎక్కుతుందని బావగారు వాదించారు, నేనూ ఒక మాట సాయం చేశాను. అక్క లెక్కంతా విని, కొనుక్కోమనే చెప్పింది, కానీ ఆ మోటారు హోరు కొత్త పెట్టెలోకి రాకూడదంది. బావగారు ఆలోచించుకోవడానికి గడువు అడిగారు.