అన్నా, రిఫండ్ ఎంత కావాలి?

జనవరి రాగానే మా డాలస్‌లో రెండు విషయాలు తప్పకుండా జరుగుతాయి. ఒకటి, ఏదో ఒక స్కూల్ ఆడిటోరియంలో సంక్రాంతి ముగ్గుల పోటీ మూడు గంటలు ఆలస్యంగా మొదలవుతుంది. రెండు, ట్యాక్స్ రిటర్న్ వేసిపెడతానంటూ సామ్ ఫోన్ చేస్తాడు.

సామ్ అసలు పేరేమిటో నాకు తెలీదు. "హలో సర్, దిస్ ఈజ్ సామ్, న్యూజెర్సీ నుంచి" అంటాడు. వెనకాల ఆటో హారన్ మోగుతుంటుంది, ఎవరో "బిర్యానీ వచ్చింది, రండిరా" అని అరుస్తుంటారు. మాకు పొద్దున పది గంటలు, అమీర్‌పేటలో రాత్రి తొమ్మిదిన్నర. నా పేరు, నా కంపెనీ, నా వీసా, నేను ఏ సంవత్సరం వచ్చానో అన్నీ గడగడా చెప్పేస్తాడు. నేనేం పని చేస్తానో మా అత్తగారికే ఇంతవరకూ సరిగ్గా తెలీదు. నేను తెలుగులో ఒక్క మాట అనగానే న్యూజెర్సీ మాయమైపోతుంది. "అన్నా, మీదే ఊరు? తెనాలా? మా పెద్దమ్మ వాళ్లది కొల్లూరే అన్నా." ఆ వెంటనే అసలు ప్రశ్న: "అన్నా, రిఫండ్ ఎంత కావాలి?"

ఇంత ఉదారమైన ప్రశ్న నన్ను జీవితంలో ఎవరూ అడగలేదు. హైక్ ఎంత కావాలని మేనేజర్ అడగలేదు. దక్షిణ ఎంత ఇవ్వాలో పంతులుగారు చెప్పారే గానీ నాకెంత మిగలాలో అడగలేదు. అమెరికా ప్రభుత్వం సంవత్సరమంతా నా జీతంలోంచి కోసుకున్న డబ్బులో ఎంత తిరిగి రావాలో తేల్చడానికి కొన్ని వేల పేజీల చట్టం ఉంది. సామ్‌కి నా కోరిక చాలు.

మనవాళ్లు కొనుగోళ్లలో ఎంత జాగ్రత్తపరులో మీకు నేను చెప్పాలా? ప్రెషర్ కుక్కర్ కొనడానికి మూడు వారాలు రివ్యూలు చదువుతాం. పాత క్యామ్రీ కొనాలంటే మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్తాం. పిల్లకి కూచిపూడి నేర్పే టీచర్ ఎవరి శిష్యురాలో, ఆ గురువుగారు ఎవరి శిష్యులో మూడు తరాలు విచారిస్తాం. జీతం, బ్యాంకు నంబరు, సోషల్ సెక్యూరిటీ నంబరు, పెళ్లాం పిల్లల పుట్టిన తేదీలు మొత్తం ఎవడి చేతిలో పెట్టాలన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్: "గయ్స్, మంచి ట్యాక్స్ గై ఎవరైనా ఉన్నారా?" పదకొండు జవాబులొస్తాయి, పదకొండు మంది సామ్‌లు. ఫెడరల్ 29 డాలర్లు, స్టేట్ ఫ్రీ, ఫ్రెండ్‌ని తీసుకొస్తే పది డాలర్లు వెనక్కి. డ్రాఫ్ట్ ఉచితం.

ఆ ఉచిత డ్రాఫ్టులోనే ఉంది మహిమంతా. ఒకే డబ్ల్యూ-2, అంటే కంపెనీ ఇచ్చే ఏడాది జీతం కాగితం, ముగ్గురికి పంపితే ఒకడు 1,840 వస్తుందన్నాడు, ఇంకొకడు 3,265 అన్నాడు, మూడోవాడు ఆ రెండూ కనుక్కుని 4,910 అన్నాడు. బాలాపూర్ లడ్డూ వేలంపాట కూడా ఇంతే, 1994లో 450 రూపాయలతో మొదలై 2024కి 30 లక్షలు దాటింది. కాకపోతే అక్కడ పాట పాడినవాడు తన జేబులోంచి కడతాడు. ఇక్కడ పాట పాడేది సామ్, జేబు మనది.

ఈ ఏడాది ఎందుకో నాకు బుద్ధి గడ్డితిని, సామ్‌ని స్పీకర్‌లో పెట్టి మాట్లాడాను.

"అన్నా, గుడికెళ్తారా?"

"అప్పుడప్పుడూ."

"హుండీలో ఎంతేస్తారు?"

"పదో ఇరవయ్యో."

"వారానికి నలభై వేసుకుందాం. దసరా, వినాయక చవితి స్పెషల్. 2,800 వేస్తున్నా."

"రసీదుల్లేవు కదా?"

"హుండీకి రసీదేంటన్నా? దేవుడికి తెలుసుగా."

దానం చూపించి పన్ను తగ్గించుకోవాలంటే, నగదు ఒక్క డాలరిచ్చినా బ్యాంకు కాగితమో రసీదో ఉండాలన్నది రూలు. దేవుణ్ణి సాక్షిగా పిలిచే వీలు ఆ రూల్లో లేదు.

"పాత బట్టలేమైనా దానమిచ్చారా?"

"గరాజ్‌లో రెండు సంచులున్నాయి, ఇవ్వాలి."

"ఇచ్చేసినట్టే. 495."

"495 ఎందుకు, ఐదొందలు వెయ్యచ్చుగా?"

"ఐదొందలు దాటితే వేరే ఫారం నింపాలన్నా." వృత్తిలో ఎంత పట్టుందో చూడండి. "సరే, వదినగారేం చేస్తారు?"

"ఇంట్లోనే. హెచ్4, డిపెండెంట్ వీసా. పని చేసుకునే పర్మిట్, ఆ ఈఏడీ, రాలేదింకా."

"ఊరికే అయితే ఉండరు కదన్నా."

"వేసవిలో ఆవకాయ పెడుతుంది. రెండు జాడీలు. ఒకటి మాకు, ఒకటి మా స్నేహితులకి."

ఫోన్‌లో ఒక్క క్షణం నిశ్శబ్దం. న్యూటన్ ఎదుట ఆపిల్ పడ్డప్పుడు కూడా అంతే నిశ్శబ్దం ఉండి ఉంటుంది.

"అంటే సప్లై ఉంది! బిజినెస్ పెట్టేద్దామన్నా. షెడ్యూల్ సీ, సొంత వ్యాపారాల ఫారం. ఆదాయం సున్నా, నష్టం తొమ్మిది వేలు, అది మీ జీతంలోంచి తీసేస్తాం. వంటింటిని హోమాఫీస్ వేస్తా, కారు వేస్తా, వదిన ఫోన్ బిల్లు వేస్తా."

మా ఆవిడ గరిటెతో సహా హాల్లోకొచ్చింది. "ఎవడండీ వాడు, నా ఆవకాయకి నష్టమొచ్చిందన్నది?" పదిహేనేళ్లలో ఒక్క జాడీ బూజు పట్టలేదు. గుంటూరు నుంచి కారం, ఇండియన్ స్టోర్లో దొరికే ఆవాలు ఎండబెట్టి ఇంట్లోనే కొట్టిన పిండి, పప్పునూనె తప్ప ఇంకో నూనె ఆ జాడీని ముట్టుకోదు. అంత చరిత్ర ఉన్న ఆవకాయ తొమ్మిది వేల డాలర్లు మునిగిపోయిందని అమెరికా ఖజానాకి రాసిస్తారా? ఫోన్ లాక్కుని సామ్‌కి ఇదంతా చెప్పింది. సామ్ శ్రద్ధగా విన్నాడు. "పప్పునూనె లీటర్ ఎంత వదినా? అది కూడా వేసేద్దాం."

ఇదివరకు ఇంత కల్పనాశక్తి అవసరం ఉండేది కాదు లెండి. ఉద్యోగం కోసం సొంతంగా పెట్టుకున్న ఖర్చులకి 2017 దాకా రిటర్న్‌లో ఒక గడి ఉండేది. లాప్‌టాప్, సూటు, హోటలు, ఊరు మారిన ఖర్చు, అన్నీ అందులో పోసేవారు. 2018 నుంచి ఆ గడి మూతపడింది. ఆ ఏడు నుంచే మన డాలస్‌లో ఇంటికో వ్యాపారవేత్త పుట్టుకొచ్చింది.

టెక్సస్‌లో డబ్బు తీసుకుని ఇంకొకరి క్రాఫు కత్తిరించాలంటే లైసెన్సు ఉండాలి. డబ్బు తీసుకుని ఇంకొకరి ఫెడరల్ ట్యాక్స్ రిటర్న్ రాయడానికి పరీక్ష లేదు, చదువు అక్కర్లేదు, పీటిన్ అనే నంబరొకటి ఉంటే చాలు, 20 డాలర్లలోపే. పరీక్ష పెడదామని ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ 2011లో రూలు తెస్తే 2013లో కోర్టు కొట్టేసింది, 2014లో అప్పీలు కూడా పోయింది. ఆ నంబరన్నా వేసి సంతకం పెట్టాలిగా? సామ్ పంపిన డ్రాఫ్టులో, తయారుచేసినవారి వివరాలుండాల్సిన ప్రిపేరర్ గడిలో వాడి పేరూ లేదు, నంబరూ లేదు. అక్కడ 'స్వయంగా తయారుచేసుకున్నది' అని ఉంది. అంటే మా ఆవకాయ నష్టాన్ని కనిపెట్టింది నేనేనన్నమాట.

ఇంతసేపు మాట్లాడాడు కదా, అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదు. ఇండియాలో ఏమున్నాయని. నేనే ఎత్తాను. "అది ముట్టుకోవద్దన్నా, కాంప్లికేట్ అవుద్ది" అన్నాడు. డ్రాఫ్టు తిప్పి చూస్తే షెడ్యూల్ బీలో విదేశీ ఖాతాలున్నాయా అన్న ప్రశ్నకి 'లేవు' అని టిక్కు.

తెనాలిలో మా నాన్న రిటైరైనప్పుడొచ్చిన డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్లో ఉంది. "నాకేమైనా అయితే మీ అమ్మ బ్యాంకుల చుట్టూ తిరగలేదురా" అని రెండో పేరు నాది రాయించాడు. ఇలా నా పేరున్న ఇండియా ఖాతాలన్నీ కలిపి సంవత్సరంలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల ఫారం వెయ్యాలి. వెయ్యకపోతే, పొరపాటున మర్చిపోయినా సరే, జరిమానా ఒక్కో ఏడాదికి పదివేల డాలర్లకి పైగా పడచ్చు. ప్రవాసులు తెరిచే ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, ఇక్కడ ఉంది. అక్కడి మ్యూచువల్ ఫండ్లకైతే ఫండుకో ఫారం. ఇండియా బ్యాంకులు మన ఖాతాల వివరాలు అమెరికాకి పంపించే ఒప్పందం 2015లోనే అయిపోయింది. ఇక్కడ 'లేవు' అని నేను టిక్కు పెడుతుంటే, అక్కడి నుంచి ఉన్నాయని ముందే కబురొచ్చేసి ఉంటుంది.

నా సంగతి వదిలేయండి, నాకు గడ్డం నెరిసింది, మోసపోతే నా కర్మ. మా బంధువుల కుర్రాడొకడున్నాడు. పొలం తాకట్టు పెట్టి ఎంఎస్‌కి వచ్చాడు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు నాన్ రెసిడెంట్‌గా, 1040-ఎన్ఆర్ అనే ఫారం మీద ఫైల్ చెయ్యాలి. ఇది పరమ రహస్యమేం కాదు, ప్రతి యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు నెత్తీనోరూ కొట్టుకుని చెప్తుంది. వాడి 'సామ్' రెసిడెంట్లు వేసే మామూలు 1040 వేసి, వాడికి వర్తించని చదువు క్రెడిట్ 2,500 లాగి, ఫ్రెండ్స్‌కి చెప్పమని పది డాలర్లు చేతిలో పెట్టాడు. వాడు నలుగురికి చెప్పాడు కూడా. రెండేళ్లకి ఐఆర్ఎస్ ఉత్తరం. 2,500 వెనక్కి కట్టు, దానిమీద 20 శాతం పెనాల్టీ, దానిమీద వడ్డీ. 'ఆడిట్ సపోర్ట్ ఫ్రీ' అన్నవాడి నంబరు పనిచెయ్యదు. కంపెనీ పేరు మారిపోయింది, వెబ్‌సైట్లో పళ్లికిలించే తెల్లవాడి ఫొటో మాత్రం మారలేదు.

ఇరవై నాలుగేళ్ల కుర్రాడు మా డైనింగ్ టేబుల్ దగ్గర ఆ ఉత్తరం పట్టుకుని "అంకుల్, నన్ను పంపించేస్తారా?" అని అడిగాడు. సిగ్గుండాలి. వాడిది తెనాలా, నిజామాబాదా, వాళ్ల నాన్న ఎన్నెకరాలు తాకట్టు పెట్టాడో తెలుసుకుని, 'తమ్ముడూ' అని పిలిచి, వాడి గొంతు కోశారు. హెచ్4 మీద పని చెయ్యకూడని మనిషి పేరున వ్యాపారం రాసి, రేపు గ్రీన్‌కార్డు ఫైల్లో ఆ కాగితం బయటపడితే సామ్ వస్తాడా ఇంటర్వ్యూకి? పదేళ్లుగా క్యూలో నిలబడింది ఎవరు? అబద్ధం చెబితే శిక్షార్హులమని ఒప్పుకుంటూ కింద పెట్టిన సంతకం ఎవరిది? 29 డాలర్లకి కక్కుర్తిపడి ఇదంతా తెచ్చుకున్నాం. సామ్‌ని తిట్టడం తేలిక. పదకొండు జవాబులిచ్చింది మనమే కదా!

చివరికి ఐఆర్ఎస్ సైట్లోనే వెతుక్కుని ఐఆర్ఎస్ గుర్తింపున్న ట్యాక్స్ నిపుణురాలు, ఒక ఎన్‌రోల్డ్ ఏజెంట్ దగ్గరికెళ్లాను. డెబ్భై ఏళ్ల ఆవిడ, ఒకటే గది ఆఫీసు. నేను కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న: "ఇండియాలో ఏమున్నాయి?" వెనకటి ఏళ్ల ఎఫ్‌బార్లు కూడా కలిపి 450 డాలర్లు తీసుకుంది. రిఫండ్ లేదు. నేనే 312 కట్టాలి. సంతకం మాత్రం తన గడిలో తనే పెట్టింది.

మొన్న పాట్‌లక్‌లో అందరూ ఎవరికెంతొచ్చిందో చెప్పుకుంటున్నారు. నా వంతొచ్చింది. "నేను 312 కట్టాను" అన్నాను. మాటలు ఆగిపోయాయి. ఒకాయన చేతిలోని ప్లేటు పక్కన పెట్టి, దగ్గరికొచ్చి, చావింట్లో పలకరించినట్టు భుజమ్మీద చెయ్యి వేశాడు.

"టెన్షన్ పడకు. మనోడొకడున్నాడు, తెలుగువాడే, నంబరిస్తాను. నా పేరు చెప్పడం మాత్రం మర్చిపోకు, నాకు పది డాలర్లొస్తాయి."